ఉత్తరపు గాలి తిరిగాక మా పొయ్యి మీద చైనా సూపులు

కార్తీకం సగం దాటేసరికి మా శ్రీకాకుళంలో గాలి తిరుగుతుంది. అప్పటిదాకా సముద్రం మీంచి వచ్చే చెమ్మగాలి, ఉతికిన బట్టలు రెండ్రోజులైనా ఆరవు, ఉప్పు డబ్బాలో ఉప్పు నీరుకారిపోతుంది, ఇంతలో ఒకరోజు పొద్దున్న లేచేసరికి పెదాలు బిగిసిపోయి ఉంటాయి, చేతి మీద గోటితో గీస్తే తెల్లటి గీత పడుతుంది, గొంతులో గరగర. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి పొడి దగ్గు. కఫం ఉండదు, జ్వరం ఉండదు, పగలంతా బానే ఉంటారు, రాత్రి పడుకున్నాక మొదలవుతుంది. పిల్లలకైతే దీనితోపాటు మలబద్ధకం కూడా. ఈ మొత్తం వ్యవహారాన్ని చైనా సంప్రదాయ వైద్యం ఒక్క కారణం కింద పెడుతుంది, పొడిదనం అని. దానికి వాళ్ళు ముందు ఇచ్చేది మందు కాదు, సూపు. ఆ సూపుల గురించి మా వీధిలోవాళ్ళు అడుగుతూనే ఉన్నారు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నాకెలా తెలుసంటే, మా ఆయన గ్రానైట్ వ్యాపారంలో ఉన్నారు. టెక్కలి చుట్టుపక్కల తీసే నీలం రాయి చైనాకి కూడా వెళ్తుంది, దాని పని మీద మేం కొన్నాళ్ళు షియామెన్‌లో ఉన్నాం. ఫుజియాన్ ప్రావిన్స్‌లో సముద్రం ఒడ్డునున్న ఊరు అది, రాతి వ్యాపారానికి పెద్ద అడ్డా, ఏటా స్టోన్ ఫెయిర్ కూడా జరుగుతుంది. మా పక్క ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఉండేవారు, మనవణ్ణి చూసుకోడానికి పల్లెటూరి నుంచి వచ్చారు. ఆవిడకి ఇంగ్లీష్ రాదు, నాకు చైనీస్ సరిగా రాదు, ఫోన్‌లో ట్రాన్స్‌లేషన్ పెట్టుకుని మాట్లాడుకునేవాళ్ళం. ఆవిడ వంటగదిలో చిన్న మంట మీద ఎప్పుడూ ఏదో ఒక మట్టికుండ ఉడుకుతూనే ఉండేది. వాతావరణం చూసి కుండలో ఏం వెయ్యాలో నిర్ణయించేవారు. నిన్న వేసింది ఈరోజు వెయ్యరు, ఎందుకంటే ఈరోజు గాలి వేరు. నాకు నచ్చింది అదే.

వాళ్ళ లెక్క కొంచెం చెప్తాను. సూర్యుడి నడకని బట్టి ఏడాదిని 24 భాగాలు చేస్తారు, ఒక్కో భాగం సుమారు 15 రోజులు, ఈ లెక్కని 2016లో యునెస్కో కూడా తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఆగస్టు 7, 8 తేదీల్లో శరత్తు మొదలైనట్టు. సెప్టెంబర్ 7, 8 కి బై లు, అంటే ఆకుల మీద మంచు బొట్లు కనబడే రోజులు. అక్టోబర్ 8 దగ్గర హాన్ లు, అంటే ఆ మంచు బొట్లు చల్లబడే రోజులు, 23 దగ్గర ష్వాంగ్ జ్యాంగ్, అంటే మంచు గడ్డకట్టి పడే రోజులు, ఇక అక్కణ్ణుంచి చలి. శరత్తుకి వాళ్ళ ఐదు మూలకాల్లో లోహం, అవయవాల్లో ఊపిరితిత్తులు, రంగుల్లో తెలుపు. వాళ్ళు ఊపిరితిత్తి అన్నప్పుడు ఎక్స్‌రేలో కనబడేది ఒక్కటే అనుకోకూడదు, ముక్కు, గొంతు, చర్మం అన్నీ దాని కిందకే వస్తాయి, పెద్దపేగు దానికి జత. అందుకే దగ్గు, పగిలిన చర్మం, మలబద్ధకం ఒకే సూపులో చూసుకుంటారు. తెలుపు రంగు కాబట్టి బేరిపండు, తామర దుంప, తెల్ల పుట్టగొడుగు, లిల్లీ దుంప, పెండలం లాంటి దుంప, బాదం, ముల్లంగి, ఇవన్నీ ఆ కాలం సరుకులు. ప్రతి తిండికీ ఒక గుణం ఉంటుంది, బాగా చలవ, చలవ, సమం, వెచ్చన, వేడి అని. మనకిది కొత్తేమీ కాదు, బొప్పాయి వేడి, సగ్గుబియ్యం చలవ అని మా అమ్మ దగ్గర విన్నదే, అందుకే మా అత్తయ్యకి మిగతా థియరీ ఎక్కలేదు గానీ ఈ ముక్క మాత్రం వెంటనే పట్టేశారు.

శరత్తు మొదట్లో ఎండ వేడితో కలిసిన పొడి ఉంటుంది, చివర్లో చలితో కలిసిన పొడి ఉంటుంది, రెండిటికీ ఒకే సూపు పనికిరాదంటారు. మొదటిదానికి బేరి, లిల్లీ దుంప లాంటి చలవ వస్తువులు, రెండోదానికి అల్లం, వాల్‌నట్, బాదం లాంటి వెచ్చనివి కలపాలి. ఇది చాలామంది చెప్పకుండా వదిలేసే విషయం, యూట్యూబ్‌లో చూసి డిసెంబర్ చలిలో బేరిపండు రసం చల్లగా తాగేసి కడుపు పాడైందని నన్ను అడిగినవాళ్ళున్నారు.

ఇదేమీ నిన్నా మొన్నా పుట్టిన ఫ్యాషన్ కాదు. ప్రాచీన చైనాని ఏలిన జౌ రాజుల కాలపు ఆచారాలు చెప్పే పాత గ్రంథంలో ఆస్థాన వైద్యుల్ని నాలుగు రకాలుగా చెప్పారు, అందులో ఒక రకం తిండి వైద్యులు. రాజుగారి భోజనం కాలానికి తగ్గట్టు ఉందా లేదా చూడ్డమే వాళ్ళ పని. 7వ శతాబ్దంలో సున్ సిమియావో అనే వైద్యుడు తన పెద్ద వైద్య గ్రంథంలో తిండితో వైద్యానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. ముందు తిండితో చూడాలి, దానితో లొంగకపోతేనే మందు అన్నది ఆయన పద్ధతి. 1330లో, చైనాని మంగోలులు ఏలుతున్నప్పుడు, వాళ్ళ ఆస్థానంలో హు సిహుయ్ అనే ఆయన ఒక పుస్తకమే రాసి చక్రవర్తికి సమర్పించాడు, అందులో సూపులే సూపులు, గొర్రె మాంసం వాడకం ఎక్కువ, ఎందుకంటే ఆ చక్రవర్తులు తినేది అదే. ఎవరి పొయ్యిని బట్టి వాళ్ళ సూపు, నేను చెప్పబోయేది కూడా అదే.

ఎందుకంటే సెప్టెంబర్, అక్టోబర్ అనగానే మనం కూడా బేరిపండు ఉడకబెట్టుకుని కూర్చుంటే అది మన వాతావరణానికి నప్పదు. మన దగ్గర అక్టోబర్ అంటే ఏమిటి, తుఫాను. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12న, తిత్లీ పలాస వైపు తీరం దాటింది 2018 అక్టోబర్ 11న. కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలకి ఒరిగిపోయిన ఆ ఉద్దానం ఇప్పటికీ కళ్ళముందు ఉంది. విజయనగరంలో మా పుట్టింటికి సిరిమానోత్సవానికి వెళ్తే సగం ఏళ్ళు గొడుగు తోనే వెళ్తాం. ఆ రోజుల్లో మన ఒంటికి ఉన్న బాధ పొడిదనం కాదు, చెమ్మ. కాళ్ళు బరువు, కడుపు ఉబ్బరం, ఆకలి లేకపోవడం, నాలుక మీద తెల్లటి పూత. చైనా వైద్యంలో దీనికి వేరే లెక్క ఉంది, తడి అని అంటారు, దానికి వేరే సూపులున్నాయి. చైనా మొత్తానికీ ఒకే వాతావరణం లేదు కదా, బీజింగ్‌లో శరత్తు ఎముకలు ఎండిపోయేంత పొడి, కానీ దక్షిణాన గ్వాంగ్‌డాంగ్, ఫుజియాన్ తీరాల్లో వేసవంతా చెమ్మే, శరత్తు మొదట్లో తుఫాన్లు కూడా. 2016 సెప్టెంబర్ 15న, సరిగ్గా వాళ్ళ మిడ్ ఆటమ్ పండుగ రోజునే, మెరాంటి అనే తుఫాను షియామెన్ మీద పడింది, ఊరంతా కరెంటు లేదు, నీళ్ళు లేవు, అచ్చం హుద్‌హుద్ తర్వాత విశాఖలాగే. క్యాలెండర్ ప్రకారం శరత్తు వచ్చి నెల దాటింది, అయినా పక్కింటి పెద్దావిడ ఆ వారంలో బేరిపండు జోలికి పోలేదు, చెమ్మ తీసే సూపే కాచారు. గాలి మారాక, అక్టోబర్‌లో ఈశాన్యం నుంచి పొడిగాలి మొదలయ్యాక, అప్పుడు కుండ మార్చారు.

కాబట్టి నేను శ్రీకాకుళంలో చేసేది, తేదీలు పక్కనపెట్టి గాలి చూడ్డం. వినాయకచవితి నుంచి దీపావళి దాకా చెమ్మ సూపు, నాగులచవితి దాటి పొడిగాలి పట్టాక పొడి సూపులు.

చెమ్మ సూపుకి సరుకులన్నీ మన పెరట్లోవే. బూడిదగుమ్మడికాయ. మనం దాన్ని వడియాలకీ దిష్టికీ మాత్రమే వాడతాం గానీ చైనాలో అది రోజువారీ సూపు కాయ, అదే మొక్క, ఏమీ తేడా లేదు. దసరాకి బజార్లో గుట్టలు పోసి అమ్ముతారు, ఒకటి ఎక్కువ కొనుక్కోండి. తొక్క బాగా కడిగి తొక్కతోనే పెద్ద ముక్కలు కోస్తారు, తొక్కకే ఒంట్లో నీరు లాగే గుణం ఎక్కువని వాళ్ళ నమ్మకం. దానికి తోడు ఎండు చిక్కుడు గింజలు. వాళ్ళు చెమ్మకి వాడే తెల్ల గింజ మన చిక్కుడు జాతిదే. రాత్రి నానబెట్టి, పొద్దున్న ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో మెత్తగా ఉడకనివ్వాలి, సగం ఉడికిన చిక్కుడు గింజ కడుపుకి మంచిది కాదు. అల్లం ముక్క దంచి వేసి, గుమ్మడి ముక్కలు వేసి, చివర్లో ఉప్పు. అంతే. పోపు లేదు, కారం లేదు. మొదటిసారి తాగితే చప్పగా ఉందంటారు, నిజమే, ఆ చప్పదనమే తడిని లాగుతుందని వాళ్ళ శాస్త్రం చెప్తుంది. మా ఇంట్లో కావాలన్నవాళ్ళకి మిరియాల పొడి గిన్నెలో పక్కన పెడతాను.

ఫుజియాన్‌లోనూ తైవాన్‌లోనూ ఇంకో సూపు చాలా ఫేమస్, నాలుగు దినుసుల సూపు. తామర గింజలు, వాళ్ళ పెండలం ఎండు ముక్కలు, ఫూలింగ్ అని చెట్టు వేళ్ళ మీద పెరిగే ఒక రకం బూజు గడ్డ, ఇక నాలుగోది చియాన్ షి. ఈ నాలుగోది ఏమిటో నాకు అక్కడ అర్థంకాలేదు, ఇక్కడికి వచ్చాక తెలిసింది, అది మన మఖానా మొక్క గింజే. మనకి బీహార్ మిథిల నుంచి వచ్చే ఫూల్ మఖానా అంటే ఆ గింజని వేయించి పేల్చినది, వాళ్ళు పేల్చకుండా గింజగానే ఉడకబెట్టుకుంటారు. కాబట్టి ఫూలింగ్ వదిలేసి, తామర గింజలు, పెండలం, ఒక గుప్పెడు మఖానా వేసి చేస్తాను. మఖానా దింపడానికి పది నిమిషాలు ముందు వేస్తే చాలు, ఎక్కువసేపైతే కరిగిపోతుంది. పెండలం మన సీతంపేట వైపు సంతల్లో దొరికేది వేరే జాతి, లోపల ఊదారంగు ఉన్నా పర్వాలేదు, తొక్క తీసేటప్పుడు చేతులకి నూనె రాసుకోండి, లేకపోతే దురద. విరేచనాలయ్యి కోలుకుంటున్న పిల్లలకి ఈ సూపు గంజిలా చిక్కగా చేసి పెడితే ఇష్టంగా తాగుతారు, మా ఆడపడుచు కూతురికి ఇదే పెట్టాం.

ఇక గాలి తిరిగాక అసలు శరత్తు సూపులు.

బేరిపండు ముందు చెప్తాను, అందరికీ తేలిక. కాశ్మీర్, హిమాచల్ నుంచి వచ్చే బేరిపళ్ళు ఆగస్టు నుంచే బజార్లో ఉంటాయి, కోల్డ్ స్టోరేజీ పుణ్యమా అని డిసెంబర్‌లో కూడా దొరుకుతాయి. గట్టిగా ఉన్నది తీసుకుని, ఉప్పునీళ్ళలో కాసేపు పెట్టి రుద్ది కడిగి, పైన మూతలా కోసి, లోపల గింజల భాగం చెంచాతో తోడేసి, అందులో చిన్న పటికబెల్లం ముక్క, రెండు మిరియాలు వేసి, మూత మళ్ళీ పెట్టి, గిన్నెలో నిలబెట్టి ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ముప్పావుగంట. పండు మెత్తబడి గిన్నె నిండా రసం ఊరుతుంది, ఆ రసమే సూపు, పండుతో సహా వేడిగా తినాలి. చైనాలో మిరియం బదులు వాళ్ళ సిచువాన్ మిరియం వేస్తారు, అది చలికి వచ్చిన దగ్గుకి. పటికబెల్లం, మిరియం నోట్లో పెట్టుకోవడం మన ఇళ్ళలో ఎప్పట్నుంచో ఉన్నదే కదా, ఇప్పుడు దానికి ఒక పండు చేరింది. మొదట్లో మా అత్తయ్య "ఏటమ్మా ఇది, సుబ్బరంగా కోసుకుని తినీస్తే పోలేదేటి, పండుని మళ్ళీ ఉడకబెట్టడమేటి" అన్నారు. నేను చెప్పాను అత్తయ్యా, పచ్చిది చలవ ఎక్కువ, మీ కడుపుకి పడదు, ఉడికిస్తే ఆ చలవ తగ్గుతుంది అని. ఆవిడకి పళ్ళు కూడా సరిగా లేవు, పచ్చి బేరి కొరకలేరు. ఇప్పుడు చలికాలం మొత్తం ఆవిడే అడిగి చేయించుకుంటారు. ఒక ఏడాది లోపు పిల్లలకి మాత్రం ఇలాంటి ప్రయోగాలు వద్దు, డాక్టర్ని అడగండి.

తెల్ల పుట్టగొడుగు సూపు గురించి కొంచెం జాగ్రత్తగా రాస్తాను, ఎందుకంటే ఇప్పుడు ఆన్‌లైన్‌లో అందరికీ దొరుకుతోంది. చూడ్డానికి ఎండిన తెల్లపువ్వులా ఉంటుంది, ఇంగ్లీష్‌లో స్నో ఫంగస్ అంటారు. ఒకప్పుడు అడవిలో ఏరి తెచ్చేవాళ్ళు, రాజులూ జమీందార్లూ తప్ప ఎవరూ కొనలేని ధర, 20వ శతాబ్దంలో సాగు నేర్చుకున్నాక సామాన్యుల ఇంటికి వచ్చింది, ఫుజియాన్‌లో గుటియన్ అనే ప్రాంతం దీనికి పెద్ద పేరు. కొనేటప్పుడు పాలలా తెల్లగా మెరిసేది వద్దు, గంధకం పొగ పట్టించి ఉంటారు, లేత పసుపు రంగులో ఉండి ఘాటు వాసన లేనిది మంచిది. నానబెట్టడం గంట చాలు. రాత్రంతా నానబెట్టకండి, ముఖ్యంగా మన ఎండల్లో అసలొద్దు. బయట ఎక్కువసేపు నానిన పుట్టగొడుగులో ఒక రకం బ్యాక్టీరియా పెరిగి బాంగ్‌క్రెకిక్ యాసిడ్ అనే విషం తయారవుతుంది, అది ఉడకబెట్టినా పోదు, చైనాలో దానివల్ల ప్రాణాలు పోయిన కేసులున్నాయి. జిగురుగా, మెత్తగా, వాసన తేడాగా ఉంటే చూడకుండా పారేయండి. నానాక అడుగున గట్టి పసుపు ముక్క కోసేసి, మిగతాది వీలైనంత చిన్నగా తుంచి, తామర గింజలతో కలిపి చిన్న మంట మీద గంటన్నర, రెండు గంటలు. తామర గింజ మధ్యలో ఉండే పచ్చటి మొలక చేదు, ముందే తీసేయండి. నెమ్మదిగా నీళ్ళు చిక్కబడి జిగురు దిగుతుంది, ఆ జిగురు దిగేదాకా ఓపిక పట్టాలి, లేకపోతే కరకరలాడే ముక్కలు నీళ్ళలో తేలుతూ ఉంటాయి, ఎవరూ తాగరు. చివర్లో పటికబెల్లం, రెండు ఎండు ఖర్జూరాలు. వాళ్ళు వేసేది ఎర్ర ఖర్జూరం, అది నిజానికి మన రేగుపండుకి దగ్గర చుట్టం, ఖర్జూరం జాతే కాదు, అయినా తీపికి మన ఖర్జూరం సరిపోతుంది. గొంతుకి ఆ జిగురు వెచ్చగా దిగుతుంటే హాయిగా ఉంటుంది, అది మాత్రం నేను గ్యారంటీగా చెప్పగలను. ఊపిరితిత్తుల్ని తడుపుతుంది అన్నది వాళ్ళ సంప్రదాయం మాట, ఈ పుట్టగొడుగు మీద జరిగిన పరిశోధనలు ఎక్కువగా ల్యాబుల్లో, జంతువుల మీద చేసినవి, దాన్ని మందుగా పట్టుకోకండి.

లిల్లీ దుంప సంగతి ఒక్క మాట. చైనా సూపుల్లో తెల్లటి రేకుల్లా కనబడేది తినే రకం లిల్లీ దుంప. మన పూలబజార్లో లిల్లీ అని అమ్మేది వేరే మొక్క. పెరట్లో లిల్లీ ఉంది కదా అని దాని దుంప తీసి వండకండి. అడవినాభి దుంపని కూడా కొందరు లిల్లీ అంటారు, అది ప్రాణం తీసే విషం. అలాగే చైనా షాపుల్లో చేదు బాదం అని అమ్మేవి ఆప్రికాట్ గింజలు, వాటిలోంచి సైనైడ్ వస్తుంది, పిల్లలున్న ఇంట్లో అసలు తేకండి, మన మామూలు తీపి బాదం నానబెట్టి వేసుకుంటే చాలు.

జాగ్రత్తలు ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇక్కడే చెప్తాను. మన జిల్లాలో ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు, ఆ వైపు ఏ ఇంటికి వెళ్ళినా కిడ్నీ జబ్బు మనిషి ఉంటాడు, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అక్కడి బంధువులు ఫోన్ చేసి చైనా మూలికల ప్యాకెట్ ఆన్‌లైన్‌లో చూశాం, కిడ్నీకి మంచిదట, తెప్పించమంటావా అని అడుగుతుంటారు. దయచేసి వద్దు. 1990ల మొదట్లో బెల్జియంలో బ్రస్సెల్స్ దగ్గర సన్నబడటానికని ఇచ్చిన చైనా మూలికల్లో ఒకదాని బదులు అరిస్టోలోకియా అనే మొక్క కలిసింది, వందమంది దాకా ఆడవాళ్ళకి కిడ్నీలు పాడైపోయాయి, తర్వాత కొందరికి క్యాన్సర్లు కూడా వచ్చాయి. మన గాడిదగడప, ఈశ్వరి వేరు కూడా ఆ జాతివే, అవి కూడా లోపలికి తీసుకోకూడదు. నేను చెప్పే సూపుల్లో మూలికలు లేవు, తినే కూరగాయలూ పళ్ళే, అయినా కిడ్నీ పేషెంట్లకి అవి కూడా అందరికీ పడవు. ఖర్జూరం, తామర దుంప, ఎముకల రసం, వీటిలో పొటాషియం ఉంటుంది, పైగా డయాలిసిస్‌లో ఉన్నవాళ్ళకి రోజుకి ఎన్ని నీళ్ళు తాగాలో కూడా లెక్క ఉంటుంది. గిన్నెడు సూపు వాళ్ళకి బలం కాదు, బరువు అవ్వచ్చు. మీ కిడ్నీ డాక్టర్ సరేనంటేనే. షుగర్ ఉన్నవాళ్ళు పటికబెల్లం మానేయండి, అది కూడా చక్కెరే, పేరు మారినంత మాత్రాన ఏమీ మారదు. దగ్గు రెండు వారాలు దాటితే సూపులు ఆపి దగ్గర్లోని పీహెచ్‌సీకి వెళ్ళి కళ్ళె పరీక్ష చేయించుకోండి, అది ఉచితం, టీబీ అయితే మందులు కూడా ఉచితమే.

కారం సంగతి. శరత్తులో కారం తగ్గించి పులుపు పెంచమంటారు వాళ్ళు, కారం చెమట పట్టించి ఉన్న తడిని కూడా బయటికి పంపేస్తుందని, పులుపు దాన్ని లోపల పట్టి ఉంచుతుందని. ఇది వినగానే నాకు కార్తీకం గుర్తొచ్చింది. వనభోజనాలకి ఉసిరిచెట్టు కిందే కూర్చుంటాం, ఉసిరికాయ పచ్చడి, ఉసిరికాయ పులిహోర ఆ నెలలోనే. ఉసిరి ఫుజియాన్‌లో కూడా పండుతుంది, అక్కడ బళ్ళ మీద ఉప్పులో ఊరేసి అమ్ముతారు, మొదటిసారి చూసినప్పుడు కళ్ళమ్మట నీళ్ళొచ్చినంత పనైంది, అంత దూరంలో మన ఊరి రుచి. మన ఆయుర్వేదం మాత్రం శరదృతువుని వేరేగా చూస్తుంది, వానల్లో పోగైన పిత్తం అప్పుడు బయటపడుతుంది, కాబట్టి తీపి, చేదు, వగరు తినాలి, పెరుగు తగ్గించాలి, పగలు నిద్రపోకూడదు అంటుంది. చూస్తే రెండూ వేరే దారులు. కానీ చలి ముదిరి ఒళ్ళు ఎండిపోయే హేమంతానికి వచ్చేసరికి చరకుడు పాలు, నెయ్యి, కొత్త బియ్యం, చెరుకు బెల్లం తినమంటాడు, చైనా వాళ్ళు నల్ల నువ్వులు నూరి జావ కాచుకుంటారు, మనం నువ్వులుండలు కడతాం. పొడిగాలికి నూనె గింజ, తీపి, ఇద్దరికీ అదే తోచింది. మా మామ్మ పుష్యమాసం అంతా నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి చేసి మా చేతుల్లో పెట్టేది, ఆవిడకి చైనా ఎక్కడుందో కూడా తెలీదు.

చివరిగా నాకు అన్నిటికంటే ఇష్టమైనది, తామర దుంప సూపు. హుబే ప్రావిన్స్‌లో సరస్సులు లెక్కలేనన్ని, అక్కడి తామర దుంప, పంది పక్కటెముకల సూపు ఆ రాష్ట్రం మొత్తానికీ గర్వకారణం, చలిగాలి మొదలవగానే ప్రతి ఇంట్లో కుండ ఎక్కుతుంది. అక్కడివాళ్ళు దుంపలో రంధ్రాలు లెక్కపెట్టి కొంటారు, ఏడు రంధ్రాలుంటే పిండి ఎక్కువ, సూపుకి, తొమ్మిదుంటే కరకరలాడుతుంది, వేపుడికి. పచ్చి దుంప చలవ, ఉడికితే వెచ్చబడి కడుపుకి బలం ఇస్తుందంటారు. మన జిల్లాలో ఇన్ని తామర చెరువులున్నా దుంప మాత్రం మా రైతుబజార్లో రోజూ కనబడదు, నేను విశాఖ వెళ్ళినప్పుడు తెచ్చుకుంటాను. ఊళ్ళో చెరువుది ఎవరైనా తవ్వి ఇస్తే తీసుకోండి గానీ పచ్చిగా మాత్రం కొరకొద్దు, చెరువు మొక్కల్ని అంటిపెట్టుకుని పేగుల్లో చేరే పురుగులుంటాయి, బాగా ఉడకాలి. రెండు కొసలూ మూసుకుని ఉన్న కణుపులే తీసుకోండి, తెరుచుకుని ఉంటే రంధ్రాల నిండా బురదే.

నేను పంది మాంసం బదులు నాటుకోడి వేస్తాను, లేదా మేక పక్కటెముకలు. ముందు మాంసాన్ని నీళ్ళలో ఒక పొంగు రానిచ్చి ఆ నీళ్ళు పారబోసి కడగాలి, అప్పుడే సూపు తేటగా వస్తుంది. మట్టికుండ ఉంటే మంచిది, లేకపోతే స్టీలు గిన్నె, ఇనప మూకుడులో మాత్రం దుంప నల్లబడిపోతుంది. మాంసం, దంచిన అల్లం, రాత్రి నానబెట్టిన వేరుశనగ గుళ్ళు, పెద్ద పెద్ద ముక్కలుగా కోసిన దుంప, అన్నీ మునిగి పైన నాలుగు వేళ్ళు నిలిచేన్ని నీళ్ళు. పొంగు వచ్చాక మంట బాగా తగ్గించి రెండు గంటలు వదిలేయాలి, మధ్యలో చల్లనీళ్ళు పోయకూడదు. దుంప కొరికితే సన్నటి దారాలు సాగుతాయి, వేరుశనగ వెన్నలా అయిపోతుంది, రసం లేత గులాబీ రంగుకి తిరుగుతుంది. ఉప్పు దింపే ముందే, ముందుగా వేస్తే మాంసం బిగిసిపోతుందంటారు. గౌట్, అంటే యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ళవాపు ఉన్నవాళ్ళు ఇంతసేపు కాచిన మాంసం రసం తాగకపోవడమే మంచిది, దుంపా వేరుశనగా తీసుకుని తినండి. కార్తీకంలో మా ఇంట్లో నీచు ఉండదు కాబట్టి అప్పుడు మాంసం లేకుండా వేరుశనగ రెట్టింపు వేసి, రెండు ఎండు ఖర్జూరాలు వేసి చేస్తాను. ఎండు పుట్టగొడుగులు ఉంటే అవి కూడా, నానిన నీళ్ళతో సహా. అలా చేసినా రుచి ఏమీ తగ్గదు. వేడన్నంలో ఈ రసం పోసుకుని, పక్కన ఉసిరికాయ పచ్చడి నంజుకుంటే మా ఇంట్లో పిల్లలు ఇంకే కూరా అడగరు.